గైడింగ్ లేకుండా ఎన్ని సెకన్లు?

ట్రాకింగ్ మౌంట్ ఉంది, 200 ఎం.ఎం. లెన్సు ఉంది, మామూలు డీఎస్ఎల్ఆర్ కెమెరా ఉంది. ఆటోగైడర్ లేదు, ఇప్పట్లో కొనే ఆలోచనా లేదు. ఆండ్రోమెడా గెలాక్సీనో ఓరియన్ నెబ్యులానో తీయాలంటే ఒక్కో ఫ్రేముకి ఎన్ని సెకన్లు పెట్టాలి?

ఈ దారిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు మొదట అడిగే ప్రశ్న ఇదే. "నక్షత్రాలు గీతలు పడనంతవరకు ఎంత వీలైతే అంత" అన్నది వాళ్ళకి ఎక్కువగా దొరికే జవాబు. అది సగం జవాబే. గీతలు పడటం పై హద్దు చెబుతుంది. కింద కూడా ఒక హద్దు ఉంది. దాన్ని నిర్ణయించేది మౌంట్ కాదు, మీ నెత్తిన ఉన్న ఆకాశం ఎంత వెలుగుగా ఉందన్నది. ఆ కింది హద్దు ఎక్కడుందో తెలియకపోవడం వల్లే చాలామంది అక్కర్లేని చోట రెండు నిమిషాలు, మూడు నిమిషాలు సాధించాలని రాత్రులు రాత్రులు మౌంటుతో కుస్తీ పడతారు. అందుకే కింది నుంచి మొదలుపెడదాం.

అసలు ఒక ఫ్రేము ఎందుకు పొడుగ్గా ఉండాలి?

మసక వస్తువు నుంచి వెలుగు ఎక్కువ పోగవ్వాలని అంటారు. నిజమే, కానీ పోగయ్యేది మొత్తం సమయాన్ని బట్టి. 2 నిమిషాల ఫ్రేములు 30 తీసినా, 30 సెకన్ల ఫ్రేములు 120 తీసినా లెన్సులోంచి వచ్చిన కాంతి గంటసేపటిదే. స్టాక్ చేశాక రెండూ ఒకటే కావాలి కదా?

ఫిల్ము కాలంలో కాదు. 1880 సెప్టెంబరు 30న హెన్రీ డ్రేపర్ ఓరియన్ నెబ్యులాని మొట్టమొదటిసారి ఫొటో తీసినప్పుడు ప్లేటుకి 51 నిమిషాల ఎక్స్‌పోజర్ ఇచ్చాడు. అప్పట్లో ప్లేట్లని కలిపి కూడే సులువైన మార్గం లేదు. పైగా ఫొటో ఎమల్షన్‌కి ఇంకో గుణం ఉంది: వెలుగు మరీ మందంగా వస్తే అది సరిగా నమోదు చేయదు, సమయం పెరిగేకొద్దీ దాని స్పందన తగ్గుతూ పోతుంది. కాబట్టి ఒకే ప్లేటు మీద, ఆపకుండా, చాలాసేపు అన్నదే మార్గం. అంతసేపూ మౌంట్ చేసే తప్పుల్ని దిద్దడానికి ఒక మనిషి కావాలి. లిక్ అబ్జర్వేటరీలో ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ పాలపుంతని తీస్తూ గంటల తరబడి గైడ్ టెలిస్కోపు దగ్గర కన్ను తీయకుండా కూర్చున్నది అందుకే. మన హైదరాబాదులో, బేగంపేట నిజామియా అబ్జర్వేటరీలో 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో అంతర్జాతీయ కార్ట్ డు సియెల్ కార్యక్రమం కోసం దక్షిణాకాశంలో తమ వంతు మండలాన్ని ప్లేట్ల మీదికి ఎక్కించినవాళ్ళూ ఆ తరంవాళ్ళే. ఎలక్ట్రానిక్ ఆటోగైడర్ వచ్చి చేసింది ఆ కంటి పనినే. ఫ్రేము పొడుగ్గా ఉంటే గొప్ప అన్న నమ్మకం ఆ రోజుల నుంచి మనదాకా వచ్చింది.

డిజిటల్ సెన్సర్ విషయం వేరు. అది మందమైన వెలుగునీ గట్టి వెలుగునీ ఒకే లెక్కన నమోదు చేస్తుంది. ఫ్రేములని కూడితే నిజంగానే కూడతాయి. ఇబ్బంది ఒక్కటే. ఎక్స్‌పోజర్ ముగిసి పిక్సెళ్ళని చదివే ప్రతిసారీ కెమెరా తన వంతు అలజడి కొంత కలుపుతుంది. దాన్ని రీడ్ నాయిస్ అంటారు. ఇది టోల్ గేటు రుసుము లాంటిది: లారీలో సరుకు ఎంతున్నా, గేటు దాటిన ప్రతిసారీ కట్టేది అంతే. 30 ఫ్రేములైతే 30 సార్లు, 120 ఫ్రేములైతే 120 సార్లు. రీడ్ నాయిస్ సున్నా ఉన్న కెమెరా దొరికితే ఒక్కో సెకను ఫ్రేములు వేలకొద్దీ తీసి కూడినా నష్టం ఉండేది కాదు. మనం ఫ్రేముని పొడిగించేది ఆ రుసుము లెక్కలోకి రానంత సరుకు నింపడానికే.

ఎంత నింపితే సరిపోతుంది?

ఇక్కడే ఆకాశపు వెలుగు మనకి పనికొస్తుంది. ఆకాశం ఎంత చీకటిగా ఉన్నా ప్రతి పిక్సెల్‌లోనూ కొంత నేపథ్య వెలుగు పడుతూ ఉంటుంది. ఆ వెలుగుకీ దాని సొంత నాయిస్ ఉంది. ఫోటాన్లు లెక్కగా రావు, విడివిడిగా, ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయి. వాటి వల్ల సెన్సర్‌లో సగటున 100 ఎలక్ట్రాన్లు పోగయితే వాటి హెచ్చుతగ్గులు వర్గమూలమంత, అంటే 10 ఎలక్ట్రాన్లంత ఉంటాయి. రెండు నాయిస్‌లు కలిసేటప్పుడు వాటి వర్గాలు కూడతాయి. అందుకని ఒకటి రెండోదానికన్నా బాగా పెద్దదైతే చిన్నది కనిపించకుండా పోతుంది.

ఆకాశం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్ల సంఖ్య, రీడ్ నాయిస్ వర్గానికి 10 రెట్లు ఉంటే మొత్తం నాయిస్ మీద కెమెరా కలిపేది సుమారు 5 శాతమే. 5 రెట్లుంటే సుమారు 10 శాతం. షార్ప్‌క్యాప్ సాఫ్ట్‌వేర్ రాసిన రాబిన్ గ్లోవర్ ఈ లెక్కని హాబీవాళ్ళకి బాగా అందుబాటులోకి తెచ్చాడు. సూత్రం మాటల్లో చెప్పాలంటే: రీడ్ నాయిస్‌ని దానితోనే గుణించండి, 10తో గుణించండి, సెకనుకి ఆకాశం ఇచ్చే ఎలక్ట్రాన్లతో భాగించండి. వచ్చినవి మీకు కావలసిన సెకన్లు. అంతకన్నా పొడిగిస్తే వచ్చే లాభం చాలా తక్కువ.

మరి ఆకాశం ఎంత ఇస్తోందో ఎలా తెలుస్తుంది? మీ కెమెరానే అడగాలి. లెన్సుకి మూత పెట్టి, అతి వేగమైన షట్టర్‌తో, వాడబోయే ఐఎస్ఓలోనే ఒక ఫ్రేము తీయండి. అది బయస్. తర్వాత మూత తీసి, నక్షత్రాలు తక్కువగా ఉన్న చోట 30 సెకన్లు తీయండి. రెండూ రా ఫైళ్ళు కావాలి. సిరిల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే పిక్సెళ్ళ మధ్యస్థ విలువ చూపిస్తుంది. ఉదాహరణకి బయస్ 512, ఆకాశం ఉన్న ఫ్రేము 912 అనుకుందాం. తేడా 400. మీ ఐఎస్ఓ దగ్గర ఒక్కో అంకెకి అర ఎలక్ట్రాన్ అనుకుంటే 30 సెకన్లలో 200 ఎలక్ట్రాన్లు, సెకనుకి సుమారు 6.7. రీడ్ నాయిస్ 3 ఎలక్ట్రాన్లయితే 3 × 3 × 10, అంటే 90. 90ని 6.7తో భాగిస్తే 13 సెకన్ల పైచిలుకు.

పదమూడు సెకన్లు! ఎఫ్/4 లెన్సు, 4 మైక్రాన్ల పిక్సెళ్ళు ఉన్న కెమెరాతో పెద్ద నగరం మధ్య నుంచి తీస్తే ఇంచుమించు ఇలాంటి అంకే వస్తుంది. హైదరాబాదు డాబా మీద నుంచి 3 నిమిషాల ఫ్రేము కోసం తంటాలు పడేవాళ్ళకి నేను మొదట చూపించేది ఈ లెక్కే. అక్కడ 30 సెకన్ల ఫ్రేముతో పోలిస్తే 3 నిమిషాల ఫ్రేము ఇచ్చే లాభం కంటికి ఆనదు. పైగా ప్రకాశమైన నక్షత్రాలన్నీ తెల్లగా కాలిపోయి, వాటి రంగులు పోతాయి.

కెమెరాల రీడ్ నాయిస్ అంకెలు ఫోటాన్స్ టు ఫోటోస్ లాంటి వెబ్‌సైట్లలో కొలిచి పెట్టినవి దొరుకుతాయి. ఇప్పటి సీమాస్ సెన్సర్లు చాలావరకు సరైన గెయిన్ దగ్గర 1 నుంచి 3.5 ఎలక్ట్రాన్ల మధ్య ఉంటాయి. పాత సీసీడీ కెమెరాల్లో ఇది 8, 9 కూడా ఉండేది. 9ని వర్గం చేస్తే 81, 3ని చేస్తే 9. తొమ్మిది రెట్ల తేడా. సీసీడీ రోజుల్లో రాసిన పుస్తకాల్లో 10 నిమిషాల ఫ్రేములు తప్పనిసరి అని ఉంటే ఆ రచయితలది తప్పు కాదు, వాళ్ళ కెమెరాకి అది సరైన సలహా. డీఎస్ఎల్ఆర్‌లలో ఐఎస్ఓ 100 దగ్గర రీడ్ నాయిస్ ఎక్కువగా, 800 లేదా 1600 దగ్గర తక్కువగా ఉండటం మామూలు. అందుకే గైడింగ్ లేనివాళ్ళకి 800, 1600 నప్పుతాయి.

లెక్కలు వద్దనుకుంటే కెమెరా వెనక హిస్టోగ్రామ్ చూడండి. ఆకాశపు గుట్ట ఎడమ గోడకి అంటుకుని ఉంటే ఫ్రేము చాలలేదు. గోడ నుంచి స్పష్టంగా విడిపడి, వెడల్పులో పావువంతు దగ్గరికి వస్తే చాలు.

చీకటి ఆకాశం కింద ఈ లెక్క తిరగబడదా?

తిరగబడుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

నగరానికీ మంచి చీకటి పల్లెకీ మధ్య ఆకాశపు వెలుగులో 3.5 మాగ్నిట్యూడ్ల తేడా ఉందనుకోండి. అంటే 25 రెట్లు. సెకనుకి 6.7 ఎలక్ట్రాన్లు ఇచ్చిన ఆకాశం ఇక్కడ 0.27 మాత్రమే ఇస్తుంది. అదే 90ని దీనితో భాగిస్తే 330 సెకన్ల పైన, అయిదున్నర నిమిషాలు. ఆకాశం ఎంత బాగుంటే ఫ్రేము అంత పొడుగ్గా కావాలి. గైడింగ్ లేని మౌంట్ 200 ఎం.ఎం. దగ్గర అయిదున్నర నిమిషాలు నిలబడదు. మరి చీకట్లోకి వెళ్ళడం దండగా?

కాదు. 60 సెకన్ల ఫ్రేములే తీశామనుకుందాం. ఒక్కో ఫ్రేములో ఆకాశం నుంచి 16 ఎలక్ట్రాన్లు, రీడ్ నాయిస్ వర్గం 9. మొత్తం 25. రీడ్ నాయిస్ లేకపోతే 16తో సరిపోయేది. అంటే అదే నాణ్యతకి సుమారు ఒకటిన్నర రెట్ల సమయం పెట్టాలి. రెండు గంటలకి బదులు మూడు గంటలు. నష్టమే, కాదనను. ఇప్పుడు దీన్ని నగరంలో ఏ లోపమూ లేకుండా తీసిన 30 సెకన్ల ఫ్రేములతో పోల్చండి. అక్కడ ఒక్కో ఫ్రేముకి 200, దానికి 9 కలిపితే 209. సెకనుకి దాదాపు 7. పల్లెలో 25ని 60తో భాగిస్తే సెకనుకి 0.42. పదహారు రెట్ల తేడా. మసక నెబ్యులా అంచుల్లాంటి చోట, నగరంలో 16 గంటలు తీస్తే వచ్చేది పల్లెలో కురచ ఫ్రేములతో ఒక్క గంటలో వస్తుంది.

కాబట్టి "గైడింగ్ లేదు, చీకటి చోటుకి వెళ్ళి ఏం లాభం" అని ఇంట్లో కూర్చోవద్దు. వికారాబాద్ అనంతగిరి దాకా వెళ్ళినా తూర్పున హైదరాబాదు వెలుగు ఇంకా కనిపిస్తుంది, అయినా పడమటి ఆకాశం ఇంటి దగ్గరి ఆకాశం కాదు. ఇంకా లోపలికి, నల్లమల పక్క ఊళ్ళకో రాయలసీమ మెట్టల్లోకో వెళ్ళగలిగితే కెమెరా మార్చడం కన్నా, మౌంట్ మార్చడం కన్నా అదే పెద్ద మార్పు.

ఒక షరతు. మన వేడి. చల్లబరిచే ఏర్పాటు లేని కెమెరాలో సెన్సర్ వేడివల్ల తనంతట తానే ఎలక్ట్రాన్లు పుట్టిస్తుంది. దాన్ని డార్క్ కరెంట్ అంటారు. ప్రతి 6 డిగ్రీల సెల్సియస్‌కి అది ఇంచుమించు రెట్టింపు అవుతుంది. మే నెల రాత్రి 30 డిగ్రీలు, జనవరి రాత్రి 15 డిగ్రీలు అయితే తేడా అయిదారు రెట్లు. చీకటి చోట ఆకాశం ఇచ్చేది ఎలాగూ తక్కువ కాబట్టి, వేసవిలో ఈ వేడి నాయిసే దాన్ని మించిపోవచ్చు. ఫ్రేము పొడిగించడం వల్ల దీనికి విరుగుడు లేదు. ఆకాశం తేటగా ఉండే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ప్రయాణాలు పెట్టుకుంటే రెండు విధాలా మంచిది.

మౌంట్ ఎంతసేపు నిలబడుతుంది?

ఇప్పుడు పై హద్దు. ముందుగా ఒక చిన్న కొలత తెలియాలి: మీ ఒక్క పిక్సెల్ ఆకాశంలో ఎంత మేర చూస్తోంది? పిక్సెల్ సైజుని మైక్రాన్లలో తీసుకుని 206తో గుణించి, ఫోకల్ లెంగ్త్ మిల్లీమీటర్లతో భాగిస్తే ఆర్క్ సెకన్లలో వస్తుంది. ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు. 4 మైక్రాన్లు, 200 ఎం.ఎం. అయితే 4.1 ఆర్క్ సెకన్లు. 400 ఎం.ఎం. అయితే 2.1. వెయ్యి ఎం.ఎం. టెలిస్కోపు అయితే 0.8. మౌంట్ చేసే తప్పు అదే అయినా, 200లో రెండు పిక్సెళ్ళు సాగేది వెయ్యిలో పది పిక్సెళ్ళు సాగుతుంది.

తప్పులు ప్రధానంగా రెండు. మొదటిది పోలార్ అలైన్‌మెంట్. మౌంట్ ఇరుసు ఉత్తర ధ్రువబిందువు వైపు సరిగ్గా చూడకపోతే నక్షత్రం నెమ్మదిగా ఉత్తరానికో దక్షిణానికో జరుగుతుంది. ఇరుసు తేడా 1 ఆర్క్ నిమిషం ఉంటే ఆ జరుగుడు నిమిషానికి అత్యధికంగా 0.26 ఆర్క్ సెకను. 5 ఆర్క్ నిమిషాలైతే 1.3. అర డిగ్రీ అయితే 8 దగ్గర. అంటే 200 ఎం.ఎం. లెన్సుతో నిమిషం ఫ్రేములకి 5 ఆర్క్ నిమిషాల లోపు వస్తే పిక్సెల్‌లో మూడోవంతు కూడా జరగదు. అది చాలు. అంతకన్నా సన్నగా దిద్దుతూ గంట పోగొట్టుకోవద్దు.

అయితే ఆ 5 నిమిషాల లోపుకి రావడం తెలుగునాట అంత తేలిక కాదు. ధ్రువ నక్షత్రం ఎత్తు మన అక్షాంశమంతే: విశాఖలో 17.7 డిగ్రీలు, హైదరాబాదులో 17.4, విజయవాడలో 16.5, తిరుపతిలో 13.6. యూరప్‌వాళ్ళకి సగం ఆకాశంలో కనిపించే నక్షత్రం మనకి చెట్ల కొమ్మల వెనక, వాటర్ ట్యాంకు వెనక, దుమ్ము పొరలో ఉంటుంది. అది కూడా అసలు ధ్రువబిందువు నుంచి 0.6 డిగ్రీ పక్కన ఉంది. దాన్నే గురి చూసి వదిలేస్తే నిమిషానికి 9, 10 ఆర్క్ సెకన్ల జరుగుడు ఖాయం, కాబట్టి పోలార్ స్కోపులో గడియారపు స్థానం చూసి పక్కకి పెట్టాలి. ఇంత తక్కువ అక్షాంశానికి వంచినప్పుడు కొన్ని మౌంట్ల కౌంటర్‌వెయిట్ కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుంది. ముందే పగటిపూట తిప్పి చూసుకోండి. ధ్రువ నక్షత్రం అసలు కనిపించని డాబా అయితే డ్రిఫ్ట్ పద్ధతి ఉంది. నడినెత్తి రేఖ దగ్గర, ఖగోళ మధ్యరేఖకి చేరువలో ఉన్న నక్షత్రం ఎటు జరుగుతోందో చూసి కుడిఎడమలు దిద్దాలి. తూర్పున కిందుగా ఉన్న నక్షత్రాన్ని చూసి ఎత్తు దిద్దాలి. లాప్‌టాప్, మోటార్లున్న మౌంట్ ఉంటే నీనా సాఫ్ట్‌వేర్‌లోని మూడు బిందువుల పద్ధతి ఆకాశంలో ఏ పక్క ఖాళీ ఉన్నా పని చేస్తుంది.

రెండో తప్పు మౌంట్ కడుపులోది: పీరియాడిక్ ఎర్రర్. ఇరుసుని తిప్పేది ఒక వర్మ్ గేరు. ఆ మరని ఎంత నిక్కచ్చిగా కోసినా కాస్త హెచ్చుతగ్గులుంటాయి. కాబట్టి మౌంట్ కాసేపు ముందుకి తోస్తుంది, కాసేపు వెనకబడుతుంది, వర్మ్ ఒక చుట్టు పూర్తయ్యాక మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ చుట్టు ఎంతసేపో పళ్ళ లెక్కని బట్టి తెలుస్తుంది. భూమి ఒక్కసారి తిరగడానికి 86,164 సెకన్లు. స్కైవాచర్ ఈక్యూ6లో చక్రానికి 180 పళ్ళు, కాబట్టి 479 సెకన్లు. హెచ్ఈక్యూ5లో 135 పళ్ళు, 638 సెకన్లు.

ఒక మౌంట్ సగటు నుంచి అటు 20, ఇటు 20 ఆర్క్ సెకన్లు ఊగుతుందని, చుట్టు 480 సెకన్లని అనుకుందాం. వేగం అన్నివేళలా ఒకటిగా ఉండదు. ఊపు కొసలకి చేరినప్పుడు నక్షత్రం దాదాపు నిలిచి ఉంటుంది, మధ్యలో దాటేటప్పుడు వేగంగా పరిగెడుతుంది. ఒకే సెట్టింగులో తీసిన ఫ్రేముల్లో మూడు చక్కగా, నాలుగు గీతలుగా, మళ్ళీ మూడు చక్కగా రావడం మీరు చూసే ఉంటారు. కారణం అదే. మీరు పోలార్ అలైన్‌మెంట్ పాడుచేసుకున్నారని కంగారు పడొద్దు.

మధ్య భాగంలో దాని వేగం సెకనుకి 0.26 ఆర్క్ సెకను. 30 సెకన్లలో దాదాపు 8 ఆర్క్ సెకన్లు, మన 200 ఎం.ఎం. లెన్సులో రెండు పిక్సెళ్ళ లోపు. 60 సెకన్లలో 15, అంటే నాలుగు పిక్సెళ్ళ దగ్గర. రెండు పిక్సెళ్ళ దాకా పర్వాలేదనుకుంటే ఖగోళ మధ్యరేఖ దగ్గర 30 సెకన్ల ఫ్రేములన్నీ ఉంచుకోవచ్చు, 60 సెకన్లవాటిలో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ మిగులుతాయి. గంటసేపు తీస్తే 30 సెకన్లతో గంటకి గంట దక్కుతుంది, 60 సెకన్లతో 22 నిమిషాలు. చీకటి ఆకాశం కింద, రీడ్ నాయిస్ దండుగ మొత్తం కలిపి లెక్కేసినా 30 సెకన్లవే దాదాపు రెండింతలు నెగ్గుతాయి. నిజమైన మౌంట్లు ఇంత నున్నటి ఊపు ఊగవు, గాలీ ఉంటుంది, కాబట్టి అంకెలు మారతాయి. మొగ్గు మాత్రం మారదు. "ఒకటీ అరా మంచివి వస్తాయిలే" అని పొడుగు ఫ్రేములు పెట్టడం కన్నా, పదింటికి తొమ్మిది నిలబడే పొడవు ఎంచుకోవడం మేలు.

ఇక్కడ చాలామంది వాడుకోని సౌకర్యం ఒకటుంది. పీరియాడిక్ ఎర్రర్ తూర్పు పడమరలుగానే ఉంటుంది. అది చిత్రంలో ఎంత కనిపిస్తుందన్నది వస్తువు డిక్లినేషన్‌ని, అంటే ఖగోళ మధ్యరేఖ నుంచి దాని కోణదూరాన్ని బట్టి తగ్గుతుంది. ఓరియన్ నెబ్యులా మైనస్ 5 డిగ్రీల దగ్గర ఉంది, అక్కడ తప్పు పూర్తిగా కనిపిస్తుంది. ఆండ్రోమెడా ప్లస్ 41 దగ్గర, నాలుగింట మూడొంతులే. సప్తర్షి మండలంలోని ఎం81, ఎం82 గెలాక్సీల జంట ప్లస్ 69 దగ్గర, మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ. ఇంతకుముందు 60 సెకన్లకి మూడింట రెండొంతులు పారేసిన ఆ మౌంటే ఎం81 మీద అన్నీ నిలబెడుతుంది. మనకి ఆ జంట హైదరాబాదు నుంచి 38 డిగ్రీల ఎత్తుకి మించి రాదు, కానీ మార్చి, ఏప్రిల్ రాత్రుల్లో ఉత్తరం వైపు తెరిపి ఉంటే అది గైడింగ్ లేనివాళ్ళకి మంచి చోటు. చిన్నగా ఉంటాయి కాబట్టి 400 ఎం.ఎం. అయినా ఉండాలి.

గీత ఏ తప్పు వల్ల పడిందో ఎలా కనిపెట్టాలి?

ట్రాకింగ్ ఆపేసి 5 సెకన్లు ఒక ఫ్రేము తీయండి. 200 ఎం.ఎం. దగ్గర నక్షత్రాలు 18 పిక్సెళ్ళ గీతలవుతాయి. ఆ గీతల దిశే తూర్పు పడమరలు. మీ పాడైన ఫ్రేముల్లో గీతలు అదే దిశలో ఉంటే పీరియాడిక్ ఎర్రర్. దానికి అడ్డంగా ఉంటే పోలార్ అలైన్‌మెంట్. ఒక్కో ఫ్రేములో ఒక్కో దిక్కుకి ఉంటే గాలి, వేలాడే కేబులు, బిగువు చాలని లెన్సు పట్టీ, లేకపోతే డాబా మీద ఎవరో నడవడం. తూర్పు వైపు బరువు కాస్త మొగ్గేలా బాలన్స్ చేస్తే గేరు పళ్ళు ఎప్పుడూ ఒకే వైపు ఆనుకుని ఉండి, అప్పుడప్పుడు వచ్చే ఎగురుడు తగ్గుతుంది.

ఇక మొదటి రాత్రి పని: వర్మ్ ఒక చుట్టు అంతసేపు, అంటే పది నిమిషాల దాకా 30 సెకన్ల ఫ్రేములు, తర్వాత అంతసేపే 60వి, తర్వాత 90వి తీసి, ఇంటికొచ్చాక 100 శాతం పెద్దది చేసి మూలల్లో కాదు, మధ్యలో ఉన్న నక్షత్రాలు చూడండి. మూలల్లో లెన్సు లోపాలు కూడా కలుస్తాయి. ఏ పొడవు దగ్గర పదింటికి తొమ్మిది నిలబడ్డాయో ఆ అంకె కాగితం మీద రాసుకోండి. ఇంచుమించు అదే డిక్లినేషన్ దగ్గర తీస్తున్నంతవరకు, లెన్సు మార్చేదాకా అది మారదు.

రెండు హద్దులూ కలవకపోతే?

ఆకాశం 5 నిమిషాలు కావాలంటోంది, మౌంట్ 40 సెకన్లకి మించనంటోంది. అప్పుడు ముందుగా కురచ లెన్సుకి దిగండి. 200 నుంచి 135కి వస్తే నిలబడే సమయం ఒకటిన్నర రెట్లవుతుంది. ఎఫ్/4 నుంచి ఎఫ్/2.8కి తెరిస్తే ఆకాశం రెట్టింపు వేగంగా నిండుతుంది, కావలసిన సమయం సగమవుతుంది. రెండూ ఒకేసారి ఇచ్చే 135 ఎం.ఎం. ఎఫ్/2 లెన్సులకి ఈ హాబీలో అంత గిరాకీ ఉండటం ఊరికే కాదు. తర్వాత ఐఎస్ఓ పెంచి రీడ్ నాయిస్ తగ్గించండి. అప్పటికీ కలవకపోతే మిగిలిన తేడాని ఎక్కువ గంటలతో కట్టండి. ఎంత కట్టాలో లెక్క పైన చూశాం, భయపడేంత కాదు. నారోబ్యాండ్ ఫిల్టర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. అవి ఆకాశపు వెలుగుని చాలామటుకు కోసేస్తాయి కాబట్టి నగరంలో కూడా నిమిషాలకొద్దీ ఫ్రేములు అడుగుతాయి. గైడింగ్ లేకుండా పొడుగు టెలిస్కోపుతో నారోబ్యాండ్ అన్నది నేను సలహా ఇవ్వను.

వందలకొద్దీ కురచ ఫ్రేములు స్టాక్ చేసేవాళ్ళకి ఇంకో చిక్కు ఎదురవుతుంది. పోలార్ అలైన్‌మెంట్ తేడా వల్ల చిత్రం గంటలకొద్దీ ఒకే దిక్కుకి నెమ్మదిగా జరుగుతుంది. స్టాక్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ నక్షత్రాలని ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది, కానీ సెన్సర్ మీద ఉన్న స్థిరమైన మచ్చలు ఆ జరుగుడుని అనుసరించి చారలుగా, వాన పడినట్టు సాగుతాయి. గైడింగ్ ఉన్నవాళ్ళు ప్రతి కొన్ని ఫ్రేములకీ చిత్రాన్ని అటూ ఇటూ కదిపే డిథరింగ్ పెట్టుకుంటారు. మనం చేత్తో చేయాలి. పది, పదిహేను ఫ్రేములకొకసారి మౌంట్ బటన్లతో ఒక పది పిక్సెళ్ళంత, ప్రతిసారీ వేరే దిక్కుకి జరపండి. శ్రమే. కానీ డార్క్ ఫ్రేములు ఎన్ని తీసినా తొలగని చారలు దీనితో పోతాయి. ఫ్రేములు ఎక్కువ ఉండటంలో మేలు కూడా ఉంది: విమానమో ఉపగ్రహమో గీత గీసినా సిగ్మా క్లిప్పింగ్ దాన్ని తేలిగ్గా ఏరిపారేస్తుంది, నష్టపోయేది ఒక్క 30 సెకన్ల ఫ్రేమే.

ఓరియన్ నెబ్యులాకి మాత్రం ప్రత్యేకంగా ఒక మాట. దాని నడుమ ట్రపీజియం నక్షత్రాల చుట్టూ ఉన్న భాగం 30 సెకన్లకే తెల్లబడిపోతుంది, రెక్కలు మాత్రం ఇంకా కావాలంటాయి. రెక్కలకి మీ మామూలు పొడవు వాడండి, నడుముకి 5 సెకన్లవి ఒక ఇరవై ముప్పై విడిగా తీసి తర్వాత కలపండి.

ట్రాకర్ కూడా లేకపోతే? ఉత్త ట్రైపాడే ఉంటే?

అప్పుడు భూమి తిరుగుడే పై హద్దు: ఖగోళ మధ్యరేఖ దగ్గర సెకనుకి 15 ఆర్క్ సెకన్లు. 500ని ఫోకల్ లెంగ్త్‌తో భాగించమనే పాత సూత్రం ఇప్పటి సన్నటి పిక్సెళ్ళకి పనికిరాదు. 50 ఎం.ఎం. లెన్సుకి అది 10 సెకన్లు ఇస్తుంది, 4 మైక్రాన్ల పిక్సెల్ దగ్గర నక్షత్రం తొమ్మిది పిక్సెళ్ళు సాగుతుంది. ఫ్రాన్సులో ఫ్రెడెరిక్ మిషో రూపొందించిన ఎన్‌పీఎఫ్ సూత్రం నయం. దాని తేలిక రూపం: ఎఫ్ సంఖ్యని 35తో గుణించి, పిక్సెల్ మైక్రాన్లని 30తో గుణించి, రెండూ కూడి ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. 50 ఎం.ఎం., ఎఫ్/2, 4 మైక్రాన్లు అయితే 70కి 120 కలిపి 190, దాన్ని 50తో భాగిస్తే 3.8 సెకన్లు.

ఇప్పుడు కింది హద్దు చూడండి. ఎఫ్/4 దగ్గర సెకనుకి 6.7 ఎలక్ట్రాన్లు ఇచ్చిన నగరపు ఆకాశం ఎఫ్/2 దగ్గర నాలుగు రెట్లు, సుమారు 27 ఇస్తుంది. 90ని 27తో భాగిస్తే 3.3 సెకన్లు. ఉత్త ట్రైపాడ్ మీద, మామూలు 50 ఎం.ఎం. లెన్సుతో, నగరం నడిబొడ్డున, రెండు హద్దులూ కలిశాయి. డిసెంబరులో ఓరియన్ తూర్పున పైకి లేచాక బెల్టు, కత్తి రెండూ ఫ్రేములో పెట్టి, మూడున్నర సెకన్లవి ఐదారు వందలు తీసి డీప్‌స్కైస్టాకర్‌లో కూడండి. పావుగంటకోసారి కెమెరాని మళ్ళీ ఓరియన్ మీదికి తిప్పుకోవాలి, అంతే.